పెట్టె దించాకే లోపలికి

షెడ్డు గుమ్మానికి కుడిపక్క ఒక రేకు బోర్డు వేలాడుతుంటుంది. "పెట్టె దించాకే బండి లోపలికి" అని దాని మీద నీలం రంగుతో రాసి ఉంటుంది. రాసింది మెకానిక్కే. అక్షరాలు గుండ్రంగా కుదిరాయని అతనికి లోలోపల కాస్త గర్వం కూడా. రక్త పరీక్షల కేంద్రానికి ఎనిమిది చిన్న మోటారుబండ్లున్నాయి. ప్రతి దాని వెనకాలా ఒక తెల్ల పెట్టె. ఊరి చుట్టూ ఉన్న చిన్నచిన్న ఆసుపత్రుల్లో తీసిన రక్తం గొట్టాలు, వాటి మధ్య మంచు సంచులు, అన్నీ ఆ పెట్టెల్లోనే కేంద్రానికి చేరాలి. గ్రీజు చేతులకీ రక్తం గొట్టాలకీ పొత్తు కుదరదని, పెట్టె తీసి బయట అరుగు మీద పెడితే తప్ప ఏ బండినీ గుమ్మం దాటనివ్వడు అతను. మేనేజరు బండైనా సరే అనేవాడు. మేనేజరుకి బండి లేదు, కారుంది. అది వేరే సంగతి.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి కొత్తమ్మాయి బండి తోసుకుంటూ వచ్చింది. పేరుకే కొత్తమ్మాయి. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. రైడరుగా చేరి రెండు నెలలే అయింది కాబట్టి అందరూ అలాగే పిలుస్తున్నారు, ఆవిడా పలుకుతోంది. మొహమంతా చెమట. బండిని స్టాండు మీద వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"వంతెన దగ్గర ఆగిపోయింది అన్నా. అక్కణ్ణించి తోసుకొస్తున్నా."

నాలుగో నంబరు బండి. రెండు నెలల కిందటిదాకా ఆ బండి అతని బావది, అంటే అక్క మొగుడిది.

"పెట్టె దించమ్మా," అన్నాడు అలవాటుగా, పానా తుడుచుకుంటూ.

"దించుతాలే గానీ, ముందు ఒక్కసారి కిక్కు కొట్టి చూడండి. పోయిన వారమూ ఇంతే. దించి లోపల పెట్టేసరికి సుబ్బరంగా స్టార్టయింది. ఏమీ లేదు పొమ్మన్నారు. ఇవాళ మళ్లీ నేనే కదా తోసుకొచ్చింది."

ఆవిడ మాటలో నిష్ఠూరం ఉన్నా అబద్ధం లేదు. సరేనని బోర్డు కిందే, గుమ్మం బయటే కిక్కు కొట్టాడు. ఇంజను పలకలేదు. అయిదుసార్లు కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. హారన్ నొక్కితే గట్టిగానే మోగింది. దీపం వెలిగింది. ఫ్యూజు తీసి చూస్తే చెక్కుచెదరకుండా ఉంది. అతనికి దిగులు బదులు సంతోషమే కలిగింది. కేంద్రంలో అందరూ అతన్ని బండ్ల డాక్టరంటారు. ఇన్నాళ్లూ దొంగాటలాడిన రోగం ఇవాళ డాక్టరు కళ్లముందు పడింది, ఇంక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

"సరే, ఇప్పుడు దించు."

కొత్తమ్మాయి కొక్కేలు విప్పి, పెట్టెని రెండు చేతులా ఎత్తి అరుగు మీద పెట్టింది. అతను బండిని లోపలికి నడిపించి, తీరిగ్గా ఒక్క కిక్కు కొట్టాడు.

ఇంజను టక్కున అందుకుంది.

అతను యాక్సిలేటరు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు. బండి హాయిగా, ఏ తప్పూ ఎరగనట్టు నడుస్తోంది. "చూశారా," అంది కొత్తమ్మాయి గుమ్మంలోంచి. "నేను అబద్ధం చెప్తున్నానా?" అతను బయటికొచ్చాడు. అరుగు మీది పెట్టెని తనే ఎత్తాడు. మంచూ గొట్టాలూ కలిసి బాగానే బరువుంది. బోర్డు కిందినుంచే దాన్ని షెడ్డులోకి మోసుకొచ్చి, నడుస్తున్న బండి వెనక మెల్లగా దించాడు.

ఇంజను ఆగిపోయింది.

పెట్టె తీశాడు, కిక్కు కొట్టాడు, అందుకుంది. పెట్టాడు, ఆగింది. కొత్తమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. రక్తం గొట్టాలు ఆలస్యమవుతాయని ఆవిడని పెట్టెతో సహా లోపలికి పంపించేసి, ఈసారి పెట్టె ఉండే చోట తనే కూర్చున్నాడు. కూర్చుంటే ఇంజను చచ్చింది, లేచి కిక్కు కొడితే బతికింది. నాలుగోసారి కూర్చున్నవాడు ఇక లేవలేదు. ఆగిపోయిన బండి మీద, వెనక్కి తిరిగి, గోడకేసి చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"సాయంత్రప్పూటే ఆగుతోంది బామ్మర్దీ," అనేవాడు బావ. "పొద్దున పోయేటప్పుడు ఏమీ ఉండదు. వచ్చేటప్పుడు వంతెన దగ్గర గుంటల్లో పడగానే పుటుక్కుమంటుంది. పది నిమిషాలాగితే దానంతటదే బాగైపోతోంది."

పొద్దున పెట్టె ఖాళీ, సాయంత్రం నిండుగా. ఇంత చిన్న విషయం. సాయంత్రమంటే అతను ఎండ అనుకున్నాడు. ఇంజను వేడికి కాయిలు మొరాయిస్తోందేమోనని, ఇంజను కాలిపోయేంత వేడెక్కించి మరీ చూశాడు. ప్లగ్గు మార్చాడు. బ్యాటరీ మూతులు గీకాడు. తాళం తిప్పే చోటు విప్పి శుభ్రం చేశాడు. ఆ వంతెన రోడ్డు మీదే, ఆ గుంటల్లోనే, మండుటెండలో మూడు సాయంత్రాలు తనే నడిపి చూశాడు. పని చెయ్యలేదని అతన్ని ఎవరూ అనలేరు. కాకపోతే మూడుసార్లూ పెట్టె అరుగు మీదే ఉంది. మూడుసార్లూ చీటీ మీద "లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

లేచి సీటు విప్పాడు. టార్చి నోట కరుచుకుని, పెట్టెని మోసే ఇనప చట్రం కింద వేలు పెట్టి తడిమాడు. తీగల కట్ట తగిలింది. ఎడమ చేత్తో చట్రాన్ని కిందికి నొక్కుతూ తల వంచి చూశాడు. చట్రాన్ని పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో ఒకటి మిగతా మూడింటికన్నా అర అంగుళం పొడుగు. నొక్కినప్పుడల్లా దాని కొస వెళ్లి సరిగ్గా ఒక తీగ మీద కూర్చుంటోంది. అక్కడ తీగ మీది తొడుగు అరిగిపోయి నువ్వుగింజంత రాగి మెరుస్తోంది.

ఉన్న తీగలన్నిట్లోనూ అదే తీగ కావాలి. తాళం తిప్పి ఇంజను ఆపుతామే, ఆ తాళం చేసే పనల్లా ఈ తీగని బండి ఇనుముకి కలపడమే. కలిస్తే చాలు, ప్లగ్గులో రవ్వ పుట్టదు. ఫ్యూజు పోదు, దీపం ఆరదు, ఏ ఆనవాలూ మిగలదు. పెట్టె బరువుకి చట్రం కుంగి, గుంటలో పడగానే బోల్టు వెళ్లి తీగని తాకేది, పెట్టె దించేదాకా అక్కడే ఉండిపోయేది. అరిగి అరిగి ఇవాళ ఉత్త బరువుకే తాకుతోంది. ఎవరో కనపడకుండా తాళం తిప్పేసినట్టే.

ఆ బోల్టు అతను బిగించిందే. ఎనిమిది బండ్లకీ చట్రాలు తనే బిగించాడు. చివర్లో పొట్టి బోల్టు ఒకటి తక్కువైతే, పొడుగైతే ఏమైందిలే, గట్టిగా పట్టుకుంటుంది అనుకున్నాడు. అనుకున్నట్టు ఇప్పుడు కచ్చితంగా గుర్తుంది. టార్చి నోట్లోంచి తీసేసరికి దవడలు నొప్పెట్టాయి.

తీగకి కొత్త తొడుగు వేసి, బోల్టు మార్చి, సీటు బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పొడుగు బోల్టుని చెత్త డబ్బాలో వెయ్యబోయి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున చేతులు రెండుసార్లు కడుక్కుని మేనేజరు గదికి వెళ్లాడు. మేనేజరు మంచివాడే. అందరితోనూ మర్యాదగా మాట్లాడతాడు, ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా.

"నాలుగో నంబరు బాగైందట కదా," అన్నాడు.

"అయింది సార్. ఆయన నిద్రపోలేదు సార్."

"ఎవరు?"

రెండు నెలల కిందట ఇదే గదిలో, ఇదే బల్ల మీద, డ్యూటీలో నిద్రపోతున్నాడని బావని తీసేస్తూ, మేనేజరు తన ఫోనులో ఒక ఫొటో చూపించాడు. కార్లో పోతూ తీసిందది. గోడ నీడలో బావ మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన పెట్టె, పెట్టె మీద తడిపిన తువ్వాలు. బండి దూరంగా ఎండలో ఉంది. ఆ ఫొటో పక్కన మూడు చీటీలు పెట్టి, "బండికి లోపం లేదని మీ బామ్మర్దే రాశాడు. ఇంక నేనేం చెయ్యను?" అన్నాడు. అప్పుడు బావ మేనేజరుకేసి చూడలేదు. మెకానిక్కు కేసి చూశాడు. మెకానిక్కు కిటికీలోంచి బయటికి చూశాడు.

"మా బావ సార్," అన్నాడు ఇప్పుడు. "బండి ఆగితే ఎండకి రక్తం పాడవుతుందని పెట్టె దించి నీడలో పెట్టేవాడు. దించగానే బండి బాగైపోయేది. అందుకే ఆయనకీ అంతుపట్టలేదు, నాకూ అంతుపట్టలేదు." బోల్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఎలా తాకేదో వేళ్లతో చూపించాడు.

మేనేజరు బోల్టుని అటూ ఇటూ దొర్లించి చూశాడు. "పాపం," అన్నాడు. నిజంగానే అన్నాడు. "కానీ ఇప్పుడేం చేస్తాం? ఆ చోట్లో మనిషిని పెట్టుకున్నాం. ఆవిణ్ణి తీసెయ్యమంటావా?"

అరుగు మీద పెట్టె దించి వగరుస్తూ నిలబడ్డ కొత్తమ్మాయి మొహం గుర్తొచ్చింది. ఆవిడ తోసుకొచ్చింది కాబట్టే ఇదంతా బయటపడింది. తియ్యమని ఏ నోటితో అంటాడు?

"వద్దు సార్. ఒక కాగితం కావాలి. ఆఫీసు ముద్రతో."

కాగితం తనే రాశాడు. మోటు చేతిరాత, బోర్డు మీద ఉన్నంత గుండ్రంగా రాలేదు. లోపం బండిలోనే ఉందనీ, చట్రానికి పొడుగు బోల్టు బిగించింది తనేననీ, పెట్టె లేకుండా పరీక్షించి మూడుసార్లు తప్పు రాశాననీ, రైడరు తప్పేమీ లేదనీ రాసి సంతకం పెట్టాడు. "నీ మీద నువ్వే రాసుకుంటున్నావు. ఆలోచించుకో," అన్నాడు మేనేజరు. ముద్ర వేసే ముందు కాగితం రెండుసార్లు చదివాడు. ఫొటో మాట ఎక్కడా లేదని చూసుకుని వేశాడు.

మధ్యాహ్నం పనిలోంచి సెలవడిగి అక్క ఇంటికి వెళ్లాడు. రెండు నెలల్లో రెండేసార్లు వచ్చాడు ఆ ఇంటికి. ఇంతకు ముందైతే గుమ్మంలో అడుగు పెట్టకముందే "తిన్నావా?" అనేది అక్క. తిన్నానన్నా వినేది కాదు. ఆ చీటీల గొడవయ్యాక ఆ మాట అడగడం మానేసింది. కూర్చో అంటుంది, నీళ్లిస్తుంది, మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోతుంది. తన మొగుడి కూడు తీసిన తమ్ముణ్ణి తిన్నావా అని ఎందుకడుగుతుందిలే అని అతను సరిపెట్టుకున్నాడు. కోపం న్యాయమే అనిపించేది.

అక్క కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో పిల్లల గౌను నడుం దగ్గర కుట్టు విప్పుతోంది. బ్లేడు కొసతో ఒక్కో ముడీ తెంపి, దారప్పోగులు ఊదుతోంది. తల ఎత్తి చూసింది. "కూర్చో," అంది.

కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పెట్టె సంగతి, బోల్టు సంగతి, తీగ సంగతి. అక్కకి బండ్ల గురించి ఏమీ తెలియదు కాబట్టి చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. చెప్పి, కాగితం మిషను బల్ల మీద పెట్టాడు. ఇక తిడుతుంది, నేను చెప్పలేదట్రా అంటుంది అని, ఆ తిట్లు పడటానికి సిద్ధమై నిలబడ్డాడు.

అక్క తిట్టలేదు. బ్లేడు వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"అయితే నిద్రపోలేదా?" అంది.

"లేదక్కా."

"ఒక్కరోజు కూడా?"

అతనికి అర్థం కాలేదు. "నీకు చెప్పలేదా బావ?"

"చెప్పాడు. మొదటి వారం రోజూ చెప్పాడు." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "అన్నం దగ్గర చెప్పాడు, పడుకోబోతూ చెప్పాడు. మా తమ్ముడు మూడుసార్లు చూశాడు కదా, వాడి చేతికి దొరకని రోగం ఉంటుందా అన్నాను. నిద్రొస్తే నిద్రొచ్చిందని ఒప్పుకోవచ్చుగా, వాడి మీదెందుకు నెడతావు అన్నాను. ఆ తర్వాత చెప్పడం మానేశాడు."

"నువ్వు నా మీద కోపంగా ఉన్నావనుకున్నాను అక్కా."

"కోపమా? సిగ్గురా. నువ్వు పెట్టించిన ఉద్యోగం. మా ఆయన చెట్టంత మనిషి, నిద్రపోయి పోగొట్టుకున్నాడని నీకు మొహం చూపించలేకపోయాను." బ్లేడుని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి మూత వేసింది. "ఇప్పుడు చేసే ఆ గోడౌను గేటు దగ్గర ఎనిమిది గంటలూ నిలబడే ఉంటాడట. రోజూ కాళ్లు వాచి వస్తాయి. వేణ్ణీళ్లు పెట్టిస్తాను గానీ, ఎందుకు నిలబడుతున్నావని ఒక్కనాడూ అడగలేదు."

"కుర్చీ ఇవ్వలేదా వాళ్లు?"

"ఇచ్చారు," అంది అక్క.

మూడోరోజు ఇద్దరూ కలిసి గోడౌనుకి వెళ్లారు. పొడవాటి గోడ, మధ్యలో ఇనప గేటు, గేటు పక్కన రేకు నీడ. ఆ నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కుర్చీ మీద దుమ్ము పేరుకుని ఉంది. దాని పక్కన బావ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో లారీల పుస్తకం, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ. చెప్పుల పట్టీలు వాచిన పాదాల్లో కూరుకుపోయాయి. ఇద్దర్నీ కలిసి చూసి కంగారుపడ్డాడు.

"ఏమైంది? ఎవరికైనా బాగాలేదా?"

"అందరూ బాగానే ఉన్నారు బావా," అని మెకానిక్కు కాగితం అందించాడు.

బావ కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని నిదానంగా చదివాడు. పెదాలు కదుపుతూ చదవడం ఆయన అలవాటు. పొడుగు బోల్టు అన్న చోట ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. మెకానిక్కు జేబులోంచి బోల్టు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

"ఇదా?"

"ఇదే."

"అయితే పెట్టె దించబట్టే బండి బాగయ్యేదన్నమాట."

"అవును బావా. నువ్వు దించకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు తోసుకొచ్చి, నేనూ పెట్టెతోనే చూసి ఉంటే... నాకు దొరికేది. మొదటి రోజే దొరికేది."

బావ ఆలోచించాడు. లెక్క సరిచూసుకునేవాడిలా వంతెన దగ్గర్నుంచి కేంద్రం దాకా దారిని మనసులో నడిచి వచ్చినట్టున్నాడు.

"తోసుకొస్తే నాకు ముప్పావు గంట పట్టేది," అన్నాడు. "ఆ ఎండలో మంచు నిలవదు. రక్తమంతా పాడయ్యేది. మళ్లీ అందరికీ సూదులు గుచ్చాలి. అందులో పసిపిల్లలవి కూడా ఉంటాయి." తల అడ్డంగా ఊపాడు. "తెలిసినా దించేవాణ్ణే."

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే మెకానిక్కుకి కాస్త తేలిగ్గా ఉండేది. క్షమించు బావా అన్నాడు. బావ బోల్టుని అతని జేబులో తిరిగి వేసి, జేబు మీద ఒకసారి తట్టాడు. "నువ్వు చూసింది చూసినట్టు రాశావు బామ్మర్దీ. చూడనిది ఎలా రాస్తావు?" అన్నాడు. తప్పు చేసిన వాణ్ణి ఊరడించడం ఆయనకే పడింది. మెకానిక్కుకి అది తెలుస్తూనే ఉంది, ఆపడం చాతకాలేదు.

తర్వాత బావ కాగితాన్ని మొదటి మడతల మీదే మళ్లీ మడిచాడు. మెకానిక్కు అది ఆయన చొక్కా జేబులోకి వెళ్తుందనుకున్నాడు. ఆయన భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వు దాచుకో," అన్నాడు. "నాకెందుకు? నాకు తెలిసిందేగా."

అక్క కాగితం పట్టుకుని నిలబడింది. ఆమె మొహం చూడలేక మెకానిక్కు గేటుకేసి చూశాడు. ఇలాగే ఒకసారి కిటికీకేసి చూశానని గుర్తొచ్చి, బలవంతాన తల తిప్పి ఇద్దర్నీ చూశాడు. అక్క ఏడవలేదు. వంగి, కుర్చీ మీది దుమ్ము అరచేత్తో తుడిచింది. ఒకసారి తుడిస్తే పోలేదు, రెండు నెలల దుమ్ము. కాగితం రెండో చేతిలో పట్టుకుని మళ్లీ మళ్లీ తుడిచి, కుర్చీని ఆయన కాళ్ల దగ్గరికి జరిపింది.

"కాసేపు కూర్చో," అంది.

బావ కుర్చీని చూశాడు. రోడ్డుకి ఆ చివర చూశాడు, ఈ చివర చూశాడు. ఒక కారు వచ్చి, వేగం తగ్గకుండానే వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యేదాకా ఆయన నిటారుగా నిలబడ్డాడు.

"డ్యూటీ అయ్యాక ఇంటి దగ్గర కూర్చుంటాలే," అన్నాడు.

లోపల్నుంచి లారీ హారన్ వినపడింది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ వెళ్లి గేటు బార్లా తెరిచాడు. నంబరు రాసుకున్నాడు, గేటు మూశాడు, గొళ్లెం పడిందో లేదో లాగి చూశాడు. వచ్చి కుర్చీ పక్కన, ఇందాకటి చోటే నిలబడ్డాడు. అక్క కుర్చీ వీపు మీద చెయ్యి వేసి పట్టుకుని ఉంది. మెకానిక్కుకి ఎండ నెత్తిన మాడుతోంది గానీ, రేకు నీడలోకి అడుగు వెయ్యడానికి కాళ్లు రాలేదు.

బావ అతనికేసి తిరిగి, "ఎండలో నిలబడ్డావేంటి, నీడలోకి రా," అన్నాడు.